సోషల్ గదిలో కొలువు మెట్లు

మన స్కూల్లో 1980ల్లో చదివినవాళ్లకు సోషల్ గది గుర్తుండే ఉంటుంది. తేమకు ఉబ్బిన ఇండియా మ్యాపు, ఇరుసు మీద తిరగని గ్లోబు, కిటికీ పక్కన అయిదు మెట్ల చెక్క స్టాండు, దాని మీద కొండపల్లి బొమ్మలు. నేను 1984 బ్యాచ్. ఆ స్టాండు తయారయినప్పుడు ఎనిమిదో తరగతి. క్రాఫ్టు పీరియడ్లో దాని చెక్కలకు చిత్రిక పట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. నేను పట్టిన చెక్కను మాస్టారు మళ్లీ పట్టుకోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

స్కూలు జ్ఞాపకాలు రాయమని సావనీరు కమిటీవారు అడిగారు. జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఇంజినీర్ని, కొలతలున్న వస్తువు గురించి అయితే రాయగలను. పైగా ఆ స్టాండు గురించి మీ అందరికీ నేను ఒక సంజాయిషీ బాకీ ఉన్నాను.

ముందు చరిత్ర. కొలువు అంటే రాజుగారి సభ. రాజు ఎత్తున, మంత్రులు ఒక మెట్టు కింద, భటులు ఇంకో మెట్టు కింద. బొమ్మల కొలువుకూ ఆ వరసే. పైమెట్టున దేవుళ్లు, మధ్యలో రాజులూ రాణులూ, కింద ఎడ్లబండీ, రోకలి పట్టుకున్న ఆడమనిషీ, కల్లు గీసేవాడూ. మెట్లు మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో, బేసి సంఖ్యలో ఉండాలి. తమిళనాడులోనూ మైసూరు వైపూ కొలువు దసరా నవరాత్రుల పండగ. మన కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్లలో సంక్రాంతికి పెడతారు. భోగినాడు పిల్లలకు భోగిపళ్లు పోసి, పేరంటాళ్లను పిలిచి, శనగలు తాంబూలం ఇస్తారు. కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి 1855లో కాలవలకు నీళ్లొచ్చాక, డెల్టాలో ధాన్యం ఇంటికి చేరి చేతిలో నాలుగు డబ్బులాడే నెల ఏదంటే పుష్యమాసమే. బొమ్మ కొనాలన్నా, పేరంటం చేయాలన్నా వీలైన రోజులు అవే. మనకు సంక్రాంతి కొలువు అంత గట్టిగా నిలబడటానికి అది కూడా కారణమే అని నాకనిపిస్తుంది.

ఇలాంటి మెట్లు మన దేశంలోనే కాదు. జపానులో మార్చి 3న హినమత్సురి అని ఆడపిల్లల పండగ చేస్తారు. అక్కడా మెట్లు కట్టి, ఎర్రగుడ్డ పరిచి, అన్నిటికంటే పైన చక్రవర్తి, చక్రవర్తిని బొమ్మలు, వాళ్ల కింద పరిచారికలు, వాద్యగాళ్లు. అది కూడా ఒక రాజుగారి కొలువే.

మన ఇళ్లలో ఈ మెట్ల కోసం ప్రత్యేకంగా వడ్రంగిని పిలిచినవాళ్లు తక్కువ. రేకు పెట్టెలు, పీటలు, తిరగేసిన కుంచాలు, వాటి మీద బల్లచెక్కలు, పైన ఉతికిన పంచె. మా అమ్మమ్మ ఇంట్లో ఒక మెట్టు కింద మా తాతగారి దస్తావేజుల పెట్టె ఉండేది. పండగ మూడు రోజులూ ఆయనకు ఏ కాగితం కావాలన్నా కనుమ వెళ్లేదాకా ఆగాల్సిందే. గుడ్డ కప్పితే కింద ఏముందో ఎవరికీ పట్టదు. అందుకే వందేళ్లనాటి బొమ్మలు దాచుకున్న ఇళ్లు కనిపిస్తాయి గానీ, అంత పాత మెట్లు కనిపించవు.

మన క్రాఫ్టు మాస్టారికి గుడ్డ కప్పడం నచ్చేది కాదు. "చెక్క మంచిదైతే చీరెందుకురా?" అనేవారు.

ఇక బొమ్మలు. కొండపల్లి మనకు సుమారు 20 కిలోమీటర్లు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో లేచిన కోట, తర్వాత గజపతులది, వాళ్ల దగ్గర్నుంచి శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఆ కోట కిందే బొమ్మల కాలనీ. అక్కడి కళాకారులు ఆర్యక్షత్రియులు, నకాషీలని కూడా అంటారు. తమ పూర్వికులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. చుట్టుపక్కల కొండల్లో పెరిగే తెల్ల పొణికి చెట్టు వాళ్లకు ఆధారం. ఆ చెక్క తేలిక, మెత్తన. తడి పోయేదాకా ఆరబెట్టి, సన్నసెగ మీద వెచ్చచేసి, తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు అనే ముద్ద చేసి, దానితో అతుకుతారు. దాని మీద సున్నం పూత, ఆ పైన రంగులు. మేకు ఉండదు, మర ఉండదు. ఈ చింతగింజల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సోషల్ మాస్టారు ఏటా పిల్లల్ని కొండపల్లి కోటకు ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లేవారు. తిరిగొచ్చేటప్పుడు పదో తరగతివాళ్లు చందాలేసుకుని ఒక బొమ్మో, ఒక సెట్టో కొని గదికి ఇచ్చి వెళ్లడం ఆనవాయితీ అయింది. అంబారీ ఏనుగు ఒక బ్యాచ్, ఎడ్లబండి ఒక బ్యాచ్. దశావతారాలు కొన్న బ్యాచ్‌వాళ్లు ఇప్పటికీ ఆ గొప్ప చెప్పుకుంటారు. చివరికి లెక్క 41కి చేరింది. మొదట్లో అవి బీరువాలో ఒకదాని మీద ఒకటి పడుండేవి. "రాజుల్ని తాళమేసి పెట్టాం" అని సోషల్ మాస్టారు నొచ్చుకుంటే, క్రాఫ్టు మాస్టారు మెట్లు కడతానన్నారు.

మన బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది కదా, ఆ పాత భవనానికి 1887లో పునాది వేశారు. విక్టోరియా రాణి ఏలుబడి స్వర్ణోత్సవానికి గుర్తుగా కట్టింది. ఆ స్వర్ణోత్సవానికి బెజవాడకు ఒక మ్యూజియం మిగిలింది. మన స్వర్ణోత్సవానికి అయిదు మెట్లు మిగిలితే చాలని నా ఆశ.

చెక్క ఆటోనగర్ నుంచి వచ్చింది. మా క్లాసులో ఒకడి నాన్నగారు లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవారు. ముక్కలు మిగిలితే ఇచ్చేవారు. మూడు మెట్లకు టేకు దొరికింది, రెండింటికి వేప. ఇనప మేకు ఒక్కటి కూడా కొట్టలేదు. పలక చివర నాలుకలా చెక్కి, పక్క చెక్క బెజ్జంలోంచి అవతలికి దూర్చి, ఆ కొసకు అడ్డంగా చెక్క చీల దిగగొట్టడం, అంతే. చీలలు లాగేస్తే మొత్తం విడిపోయి ఒక కట్టగా మూలన పెట్టుకోవచ్చు.

మెట్టు పొడవు 54 అంగుళాలు. ఎందుకు 54 అని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. ఇంజినీరింగ్ చదివి, పాతికేళ్లు ఉద్యోగం చేశాక ఒకసారి టేపు పట్టుకుని కూర్చుంటే తెలిసింది. దశావతారాల్లో ఒక్కో బొమ్మ పీట మూడున్నర అంగుళాలు. పదింటికి 35. మధ్యలో రెండేసి అంగుళాల ఖాళీలు తొమ్మిది, 18. మొత్తం 53. అటూ ఇటూ అరంగుళం. పది అవతారాలూ ఒకే వరసలో నిలబడాలి, రాముడి పక్కన కృష్ణుడుండాలి గానీ కింది మెట్టుకు జారకూడదు. స్టాండు వెడల్పంతా ఆ ఒక్క లెక్క మీద నడిచింది.

ఎత్తులు ఇంకా ముచ్చటగా ఉంటాయి. మనం ఎక్కే మెట్లయితే అన్నీ సమానంగా ఉండాలి, లేకపోతే తట్టుకుని పడతాం. మాస్టారి మెట్లు సమానం కావు. నేల నుంచి మొదటి మెట్టు 4 అంగుళాలు, గది కడిగినప్పుడు నీళ్లు తగలకుండా. ఆ పైన 9, 8, 7, 6. అడుగు మెట్టున తాటిచెట్టు ఉంటుంది, దాని ఎత్తు 9. దాని వెనక మెట్టు అంతకన్నా తక్కువ ఎత్తులో ఉంటే తాటాకులు వెనకవాళ్ల కాళ్లను కప్పేస్తాయి. పైకి పోయేకొద్దీ బొమ్మ చిన్నది, మెట్టూ చిన్నది. మొత్తం 34 అంగుళాలు. ఆరో తరగతి పిల్లవాడు దగ్గరికొచ్చి నిలబడితే దేవుళ్లకూ వాడికీ మధ్య ఏ అడ్డూ ఉండదు. తెలుగులో కొలవడం అంటే కొలత తీసుకోవడమూ అవుతుంది, పూజించడమూ అవుతుంది. ఆయన రెండూ ఒకే చేత్తో చేశారు.

ఇప్పుడు సంజాయిషీ. 2016లో పాత భవనం తీసేసినప్పుడు స్టాండునూ బొమ్మలనూ సింగ్‌నగర్లో మా ఇంటికి తెచ్చుకున్నాను. కొత్త భవనంలో చోటు చూసేదాకా అన్నమాట. ఆ తర్వాత చోటు గురించి ఎవరూ అడగలేదు. నేనూ గుర్తుచేయలేదు. నిజం చెప్పాలంటే, నా ముందుగదిలో అవి బాగున్నాయి. అక్కడే, నేల మీదే ఉంచాను. ఎగువన మైలవరం వైపు కొండల్లో వానపడితే ఆ నీళ్లు బుడమేరులో కొల్లేటికి పోతూ మా పేటల పక్కనుంచే వెళ్తాయని తెలిసిన ఇంజినీర్ని నేను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మర్నాటికి కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరి రికార్డయిన వరద అదే. కానీ మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. కొండపల్లి శాంతినగర్ వైపు కాలవకు గండ్లు పడ్డాయి. మా వీధిలోకి నీళ్లు వచ్చాక గంటలో మోకాలు దాటాయి. నేనూ మా ఆవిడా గ్యాసు సిలిండరు, సర్టిఫికెట్లు, బియ్యం మేడ మీదికి మోశాం. మూడో విడత నేను టీవీ మోశాను. నాలుగో విడతకు కిందికి దిగే వీల్లేకపోయింది. ఆ టీవీ ఇప్పటికీ పనిచేస్తోంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు వామనుడు గుర్తొస్తాడు.

వినాయక చవితి ముందురోజు కిందికి దిగాం. గోడ మీద నీటి గీత నాలుగున్నర అడుగుల దగ్గరుంది. పొణికి తేలే చెక్క. గదిలో నీళ్లున్నన్నాళ్లూ బొమ్మలు తేలుతూ తిరిగినట్టున్నాయి, నీళ్లు తీశాక ఎక్కడపడితే అక్కడ ఆగిపోయాయి. ఏనుగు కిటికీలో. మత్స్యావతారం వెల్లకిలా పడ్డ ఫ్రిజ్ మీద. కానీ ఏ బొమ్మా బొమ్మలా లేదు. చింతగింజల మక్కు నీళ్లకు కరుగుతుంది. చేతులు, తలలు, కిరీటాలు, ఎద్దుల కొమ్ములు వేటికవే విడిపోయాయి. పాతవాటికి సున్నం పూతతో సహా రంగు వలిచినట్టు పోయింది. తర్వాత్తర్వాత కొన్న ఎనామిల్ రంగుల బొమ్మలు పైకి బాగానే ఉన్నాయి గానీ లోపల ఉబ్బి పగిలాయి. మా ఆవిడ బురదలో చెయ్యి పెట్టి వేలెడు చేతులు ఏరుతుంటే, అవి ఎవరివో చెప్పలేక నేను నిలబడిపోయాను. అన్నీ కూడగట్టి లెక్కేస్తే మూడు లేవు. వామనుడు, బండికి ఒక ఎద్దు, తాటిచెట్టు. కల్లు గీసేవాడు ఉన్నాడు, చెట్టు లేదు.

స్టాండు ఉన్నచోటే ఉంది. చీలలు నీటికి ఉబ్బి మరింత బిగుసుకున్నాయి. రెండు నెలలు నీడన ఆరితే గానీ లాగడానికి రాలేదు. వేప మెట్లు కొద్దిగా వంగాయి, టేకువి వంగలేదు. విప్పి ఒక్కో పలకా తిరగేసి బురద తుడుస్తుంటే అడుగున పెన్సిల్ రాత కనిపించింది. సిరా అయితే పోయేది, పెన్సిల్ రాత నీళ్లకు చెరగలేదు. అయిదు పలకల అడుగునా మాస్టారి అక్షరాలు. ఎడమ నుంచి కుడికి ఏ బొమ్మ ఎక్కడ నిలబడాలో, దాని ఎత్తు ఎన్ని అంగుళాలో వరసగా ఉంది. వామనుడు 5. ఎద్దులు 4, 4. తాడిచెట్టు 9. మూడో మెట్టు మూలన మాత్రం "ఎనిమిది బి, చిత్రిక" అని ఉంది. మా సెక్షన్ అదే.

సంక్రాంతి వెళ్లాక రెండు అట్టపెట్టెల్లో ముక్కలన్నీ వేసుకుని కొండపల్లి వెళ్లాను. అక్కడొక పెద్దాయన ముక్కలు గచ్చు మీద పరుచుకుని, చేతికి చెయ్యి, తలకి తల జతచేస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. చెక్క పాడుకాలేదన్నారు. పొణికి ఇప్పుడు దగ్గర్లో దొరకడం కష్టంగా ఉంది, దూరం నుంచి తెచ్చుకోవాల్సి వస్తోంది. అందుకని పాత చెక్క ముక్క దేన్నీ పారేయొద్దని నన్ను మందలించారు కూడా. అతుకులన్నీ గీకి, మళ్లీ మక్కు పెట్టి, సున్నం పూసి రంగులు వేయాలి. లేని మూడూ కొత్తగా చెక్కాలి. నేను ఫోన్లో పాత ఫొటో చూపించబోయాను. ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"మెట్టు ఎత్తెంత?" అన్నారు.

ఈమధ్య తాటిచెట్లు షోకేసుల కోసం అడుగు ఎత్తున చేస్తున్నారట, కొనేవాళ్లకు పెద్దది కావాలి. అంత చెట్టు పెడితే వెనక మెట్టు మీద రాణిగారు కనిపించరు. జేబులోంచి కాగితం తీసి మాస్టారి అంకెలు చదివాను. ఆయన సుద్దముక్కతో గచ్చు మీదే రాసుకున్నారు.

చెట్టు వచ్చింది, గీసేవాడు ఎక్కాడు. ఎద్దు కూడా వచ్చింది, పాత ఎద్దుకన్నా కాస్త తెల్లగా ఉంది, బండికి కట్టాక తేడా బాగా తెలుస్తోంది. స్టాండును మన కొత్త భవనంలో మొదటి అంతస్తుకు చేర్చాం. స్వర్ణోత్సవం రోజున అక్కడ చూడొచ్చు. గుడ్డ కప్పలేదు. ఇది రాసే నాటికి రెండో మెట్టు మీద అవతారాలు తొమ్మిదే ఉన్నాయి. నరసింహుడికీ పరశురాముడికీ మధ్య అయిదో చోటు ఖాళీ. వామనుడికి రంగు ఇంకా ఆరలేదని నిన్న సాయంత్రం కొండపల్లి నుంచి ఫోను చేశారు.