మాట, మందు

చెన్నపట్నం ఉత్తర భాగాన తొండియార్‌పేటలో కార్పొరేషన్ వారి అంటువ్యాధుల ఆసుపత్రి ఉంది. అలాంటి చోటికి రోగి జబ్బుతోపాటు భయాన్నీ మోసుకొస్తాడు. ఆ భయం తీర్చడానికి మాట కావాలి. మరి జబ్బుకు?

మనసును లోబరచుకుని వైద్యం చేయాలన్న ప్రయత్నం పాతదే. 1845లో బెంగాలులోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే డాక్టరు మెస్మరిజంతో రోగులను మగతలో ఉంచి శస్త్రచికిత్సలు చేశాడు. మరుసటి ఏడాదే అమెరికాలో ఈథర్ మత్తు వాడుకలోకి రావడంతో ఆ పద్ధతి వెనకబడింది.

1970వ దశకంలో కాలిఫోర్నియాలో రిచర్డ్ బాండ్లర్, జాన్ గ్రిండర్ పేరొందిన మానసిక చికిత్సకుల మాటతీరు గమనించి న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్‌ను రూపొందించారు. మాటతీరు మారిస్తే మనసుతీరు మారుతుందని వారి వాదం. దీనిపై వచ్చిన పరిశోధనలను 2012లో బ్రిటన్ పరిశోధకులు పరిశీలించి, ఆరోగ్యానికి మేలు చేస్తుందనడానికి తగిన ఆధారం లేదన్నారు.

అలాగని మాటకు విలువ లేదనుకోకండి. కుక్క కరిస్తే ఏ మంత్రమూ, ఏ మాటల పద్ధతీ రేబిస్‌ను ఆపలేదు. గాయాన్ని వెంటనే సబ్బునీటితో 15 నిమిషాలు కడగాలి, టీకాలన్నీ గడువు తప్పకుండా వేయించుకోవాలి. ఆ సంగతి రోగికి ఇంటిభాషలో, తెలుగైతే తెలుగులో, తమిళమైతే తమిళంలో, నిదానంగా చెప్పి చూడండి. రెండో సూదికి తిరిగి రావాలన్న గురి అతనికి కుదురుతుంది.