మూసీ పుట్టిన కొండ: జాగీరు నుంచి విడిది దాకా

వికారాబాద్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న అనంతగిరి కొండల మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పుకు జారిన నీరు మూసీ అయి, హైదరాబాద్ మీదుగా సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటికి దిగిన నీరు కాగ్నా నదిగా తాండూరు పక్క నుంచి సాగి, కర్ణాటకలోని మల్ఖేడ్‌ను ఒరుసుకుంటూ వెళ్లి భీమలో చేరుతుంది. ఆ మల్ఖేడే 9వ శతాబ్దిలో అమోఘవర్షుడు ఏలిన మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. నది ఒడ్డున కోట ఇప్పటికీ ఉంది. ఇంత చిన్న కొండల వరుస రెండు రాజధానులకు నీళ్లు పంపిన సంగతి ఈ ప్రాంత చరిత్రలో అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసింది.

కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయం, దాని కింద భవనాశి పుష్కరిణి ఉన్నాయి. ఇక్కడ మార్కండేయుడు తపస్సు చేశాడని, ముచుకుందుడి పేరు మీద మూసీకి ముచుకుంద నది అనే పేరు వచ్చిందని స్థలపురాణం. కార్తీక పౌర్ణమి జాతరకు చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కదిలి వస్తారు. వైద్యులు, పర్యాటకులు రాకముందు ఈ అడవిలోకి దారి వేసింది ఈ భక్తులే.

ఊరికి ఇప్పటి పేరు పాయెగా ప్రభువుల వల్ల వచ్చింది. నిజాముకు సొంత సైన్యంతో కొలువు చేసి, నిజాం ఇంటి ఆడపడుచులను పెళ్లాడి, విశాలమైన జాగీర్లు అనుభవించిన వంశం వారిది. ఆ వంశీకుడు సర్ వికార్-ఉల్-ఉమ్రా 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ ప్రధానిగా ఉన్నారు. వికారాబాద్‌కు ఆయన పేరే నిలిచింది. 1884లో ఆయన హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టారు. ఖర్చు తలకు మించింది, ప్యాలెస్ చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వెళ్లింది. 2010లో అదే ప్యాలెస్ తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాక వికారాబాద్‌కు ప్రభువు పోయి, పేరు మాత్రం మిగిలింది.

వికార్-ఉల్-ఉమ్రా ప్రధాని కాకముందే ఈ సీమకు రైలు వచ్చింది. 1874లో వాడి-సికింద్రాబాద్ మార్గం తెరుచుకోవడంతో తాండూరు, వికారాబాద్ హైదరాబాద్‌కు దగ్గరయ్యాయి. తాండూరు బండలకు దూరపు బేరం దొరికింది. తరువాతి కాలంలో కొండ మీది క్షయ ఆసుపత్రికి రోగులు పట్టిన దారీ ఇదే.

నిజాం కాలంలోనే అనంతగిరి మీద క్షయ ఆసుపత్రి వెలిసింది. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టినా, దాన్ని చంపే మందు మరో ఆరు దశాబ్దాల దాకా లేదు. అప్పటిదాకా చికిత్స అంటే స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, బలమైన తిండి. రోగిని ఇంటివాళ్ల నుంచి వేరు చేయడం వల్ల జబ్బు మరొకరికి పాకదనే లెక్క కూడా ఉండేది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం 1915లో ఇదే నమ్మకంతో తెరుచుకుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి నవాబ్ ఫక్రుల్ ముల్క్ భవనంలో నడిచింది. నెలల తరబడి కొండ మీద ఒంటరిగా పడుకున్న రోగులే అనంతగిరి గాలికి ఉన్న పేరుకు అసలైన కారకులు, వారి చరిత్ర మాత్రం ఎక్కడా సరిగా నమోదు కాలేదు.

1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ అనే క్షయ మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు సక్రమంగా వాడితే ఇంట్లో ఉన్న రోగికీ శానిటోరియంలో ఉన్న రోగికీ ఫలితంలో పెద్ద తేడా లేదని తేల్చింది. పేదరోగికి ఇది గొప్ప మేలు. కొండ మీది మంచాల అవసరం తగ్గుతూ వచ్చింది.

ఆ తరువాత అనంతగిరికి వచ్చేవారు మారారు. పర్యాటక శాఖ హరిత రిసార్టు పెట్టింది, చుట్టూ ప్రైవేటు విడుదులు పెరిగాయి. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా కేంద్రమయింది. వారాంతాల్లో కార్లతో నిండే ఘాట్ రోడ్డు వెంట ప్లాస్టిక్ చెత్త పేరుకుంటే, జనం ఏ గాలి కోసం ఇంత దూరం వచ్చారో ఆ గాలికే చేటు. ఈ జిల్లాలోనే పూడూరు మండలం దామగుండం అడవిలో 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. జలాంతర్గాములతో సంభాషించడానికి తమిళనాడులోని తిరునల్వేలి తరువాత దేశంలో ఇది రెండో కేంద్రం. మూసీ పుట్టే అడవిలో చెట్లు కొడితే నది ఏమవుతుందని స్థానికులు, పర్యావరణవేత్తలు అభ్యంతరం చెప్పారు.