మృగయా సంఘములు - అర్హత, ఆతిథ్యము

మన ప్రబంధకవులకు వేట మిక్కిలి ప్రీతిపాత్రమైన వర్ణనాంశము. పెద్దన మనుచరిత్రమున స్వరోచిని వేటకు పంపెను. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యమున తిన్నని బోయపల్లెనుండి అడవికి నడపెను. వేటకుక్కలు, వలలు, డేగలు, బోయల కోలాహలము - వీనినన్నిటిని కన్నులకు కట్టించిన కవులు ఒక్క ప్రశ్నను మాత్రము అంతగా పట్టించుకొనలేదు. ఈ వేటకు ఎవరు రావచ్చును? ఎవరు రాకూడదు? రాజు వెడలెను, బోయలు వెంట నడచిరి, కథ సాగిపోయినది. మన పురాణకథలందు వేటకు నియమమన్నది కనబడినచో అది తరచుగా వేటాడు తీరునకు సంబంధించినదై యుండును. ఆదిపర్వమున పాండురాజు శాపము పొందినది జింకను చంపినందుకు కాదు. క్రీడాసక్తమై యున్న జింకల జంటపై బాణము వేసినందుకు.

కావున వేట నియమములు రెండు తెగలు. ఎట్లు వేటాడవలెనని చెప్పునవి కొన్ని. ఎవరు వేటాడవలెనని చెప్పునవి కొన్ని. ఇంగ్లండు దేశమున జింకలవేట చరిత్రయంతయు చిరకాలము రెండవ తెగకు చెందినదిగానే నడచెను. పందొమ్మిదవ శతాబ్దమున వేటగాండ్రు సంఘములుగా నేర్పడినప్పుడు మొదటి తెగ నియమములు ముందునకు వచ్చినవి. అయితే వచ్చిన యా కొత్త నియమములు పాత నియమముల పనినే మఱియొక వేషమున చేసినవా అనునది విచారింపవలసిన విషయము.

ఇచట ఒక మాటముచ్చట చెప్పక తప్పదు. సంస్కృతమున 'మృగము' అనగా మొదట అడవిజంతువు. పిదప ప్రత్యేకముగా జింక. వేటకు 'మృగయ' యని పేరు. ఆంగ్లభాషలో జింకను తెలుపు 'డీర్' అను మాటయు పూర్వము జంతుసామాన్యమునకే చెల్లెడిది. దానికి చుట్టమైన జర్మను మాట నేటికిని జంతువనియే యర్థమిచ్చుచున్నది. రెండు దూరదేశముల భాషలలోను జంతువనగానే జింక యని తోచుటకు వేటయే కారణమై యుండునని ఊహించుట తప్పు కాదనుకొందును.

1066లో నార్మను రాజులు ఇంగ్లండును జయించిన పిదప అచట 'ఫారెస్టు' అను పదము చెట్లగుంపును గాక, రాజుగారి జింకలకై ప్రత్యేక న్యాయము చెల్లెడి ప్రదేశమును తెలుపుచు వచ్చెను. ఆ హద్దులలో పల్లెలుండెను, పొలములుండెను, పశువులుండెను. పంటను తినుచున్న జింకను కొట్టినవాడు అపరాధి. రాజొక్కడే యజమానుడు, తక్కినవారందఱు, ఎంతటి ప్రభువులైనను, అతని వేటలో అతిథులు. 1100 ఆగస్టు 2న రెండవ విలియము రాజు న్యూ ఫారెస్టులో వేటాడుచు బాణము తగిలి మరణించెను. ఆ బాణము సముద్రమున కావలి ఫ్రాన్సునుండి వచ్చిన వాల్టరు టిరెలు అను ప్రభువుదని లోకము చెప్పుకొనెను. అతడు తాను కాదనియే చెప్పుచు వచ్చెను. వేటకు అతిథిని పిలుచుకొను యజమానులకు ఇంతకంటె గట్టి హెచ్చరిక చరిత్రలో దొరకదు.

అతిథి మర్యాదను శాసనరూపమున మొదట చక్కగా చెప్పినది 1217 నవంబరు 6వ తేదీ నాటి అటవీ శాసనపత్రము. మూడవ హెన్రీ అప్పటికి పదేండ్ల బాలుడు. అతని పేర, సంరక్షకుడైన విలియము మార్షలును, పోపుగారి ప్రతినిధి గ్వాలాయు ముద్ర వేసిరి. 1215 నాటి మహాశాసనమును అందఱు నెఱుగుదురు గాని, దాని తమ్ముని వంటి దీనిని చదివినవారు తక్కువ. ఇందు రెండు ప్రకరణములు మన విషయమునకు ప్రాణములు.

రాజుగారి జింకను చంపినందుకు ఇకమీదట ఎవ్వడును ప్రాణమునుగాని అవయవమునుగాని కోల్పోరాదని పదవ ప్రకరణము చెప్పుచున్నది. ధనమున్నవాడు జరిమానా చెల్లించును. లేనివాడు ఒక సంవత్సరము మీద ఒక దినము చెఱలో నుండి, పిమ్మట జామీనులు దొరికినచో విడుదల పొందును. దొరకనిచో దేశము విడిచి పోవలెను. అంతకు ముందు కన్నులను, కాళ్లుచేతులను పోగొట్టిన న్యాయముతో పోల్చినచో ఇది దయయే.

పదునొకండవ ప్రకరణము మఱింత విచిత్రమైనది. రాజు పిలువగా వచ్చుచున్న ఆర్చిబిషప్పుగాని, బిషప్పుగాని, ఎర్లుగాని, బారనుగాని అడవి మీదుగా పోవుచు ఒకటి రెండు మృగములను పట్టుకొనవచ్చును; తిరిగి పోవునప్పుడును అట్లే. అయితే అటవీపాలకుడు చూచుచుండగా పట్టవలెను. అతడు దగ్గర లేనిచో కొమ్ము ఊదింపవలెను. ఎందుకనగా, దొంగతనముగా చేసినట్లు కనబడకుండుటకట!

ఈ కొమ్మును గూర్చి కొంత నిలిచి ఆలోచింపవలెను. చంపబడు జింక ఒక్కటే, చంపెడి బాణము ఒక్కటే, అడవి ఒక్కటే. మధ్యనున్న శబ్దము మాత్రము చంపినవానిని అతిథిగా చేయుచున్నది. అది లేనిచో అతడు దొంగ. అట్లని ఆ గ్రామపు కాపు కూడ ఒక కొమ్ము సంపాదించి ఊదిన సరిపోవునా? పోదు. అతడు ఊదినచో తన్ను పట్టుకొనుటకు భటులను తానే పిలిచికొన్నవాడగును. కొమ్ము ఊదుట 'ఎట్లు' అను నియమము. కాని అది పనిచేయుటకు ముందు 'ఎవరు' అను నియమము దాటవలెను. శాసనకర్తలు రెండింటిని ఒక్క వాక్యమున పెనవేసిరి. తరువాతి యేడువందల యేండ్ల వేట నియమములలో ఈ పెనవేతయే మరల మరల కనబడును.

1381లో ఇంగ్లండు రైతులు తిరుగబడిరి. ఆ భయము చల్లారక ముందే 1389-90లో రెండవ రిచర్డు పార్లమెంటు ఒక చట్టము చేసినది. సంవత్సరమునకు నలువది షిల్లింగుల రాబడిగల భూమి లేని గృహస్థుడును, పది పౌనుల జీవితము లేని పురోహితుడును వేటకుక్కలను పెంచరాదు; జింకలు, కుందేళ్లు మొదలైన పెద్దమనుష్యుల వేటజంతువులను పట్టుటకు వలలుంచుకొనరాదు. కారణమును దాచుకొనలేదు: సెలవుదినములందు మంచి క్రైస్తవులు గుడిలో నుండగా వీరు వేటపేర గుమిగూడి కుట్రలు పన్నుచున్నారని చెప్పిరి. జింకలు తఱిగిపోవుచున్నవను మాట ఇందు ముఖ్యము కాదు. మనుష్యులు కూడుచున్నారనునదే ముఖ్యము.

1671 నాటి చట్టము ఈ మెట్టును ఎంతో పైకి లేపినది: సంవత్సరమునకు నూఱు పౌనుల సొంతభూమి రాబడి, లేదా నూటయేబది పౌనుల దీర్ఘకాలపు కౌలు రాబడి. పార్లమెంటు సభ్యుని ఎన్నుకొనుటకు కౌంటీలలో నలువది షిల్లింగులు, అనగా రెండు పౌనుల రాబడి చాలియుండెను. కౌజుపిట్టను కొట్టుటకు ఓటు వేయుటకంటె ఏబదిరెట్లు ఆస్తి కావలసి వచ్చినదని న్యాయవేత్త బ్లాక్‌స్టను ఎత్తిపొడిచినది ఇందుకే. ఈ చట్టమున జింక లేదు. అప్పటికి జింకలు చాలవఱకు ప్రభువుల కంచెలలో చేరి వారి సొత్తువలె ఎంచబడుచుండుటచే వానికి వేఱు చట్టములుండెను. వానిలో క్రూరమైనది 1723 నాటిది. ముఖమునకు మసి పూసికొని, ఆయుధము పట్టి జింకలున్న యడవిలో తిరిగినవానికి అది మరణదండన విధించినది. పదవ ప్రకరణపు దయ ఐదు శతాబ్దములకు ఇట్లు తలక్రిందులైనది. విండ్సరు అడవిలో ఈ చట్టము పుట్టిన పుట్టుకను ఇ. పి. థాంప్సను 1975లో వెలువరించిన గ్రంథమున వివరించినాడు. ఆ జింకలదొంగలలో పలువురు తమ పాత హక్కులు పోయిన సామాన్య గృహస్థులని ఆయన చూపెను. 1831లో ఆస్తి అర్హత రద్దయినది. అటుపిమ్మట రుసుము చెల్లించి అనుమతిపత్రము పొందినవాడెవడైనను, భూస్వామి సమ్మతించినచో, వేటాడవచ్చును.

ఇక సంఘముల మాట. 1887 డిసెంబరులో థియొడోరు రూజ్‌వెల్టు, జార్జి బర్డు గ్రిన్నెలు మొదలైనవారు న్యూయార్కులో బూన్ అండు క్రాకెట్ క్లబ్బును స్థాపించిరి. రాజు లేని దేశము. ఆస్తి అర్హతను వ్రాతలో పెట్టుట అచట చెల్లదు. వారు పెట్టిన అర్హత వేఱు. సభ్యులు నూర్గురకు మించరాదు. చేరగోరువాడు అమెరికాలోని పెద్దమృగమును తుపాకితో, న్యాయమైన వేటలో, చంపినవాడై యుండవలెను. న్యాయమైన వేట యేది? ఏది కాదో చెప్పిరి. గడ్డకట్టిన మంచులో కాళ్లు దిగబడి కదలలేని జింకను వెంటాడి చంపుట కాదు. రాత్రివేళ మంట వెలుగుతో దాని కన్నులు చెదరగొట్టి చంపుట కాదు. నీటిలో ఈదుచున్న దానిని పడవలోనుండి కొట్టుట కాదు.

ఇవి పాండురాజు కథను జ్ఞప్తికి తెచ్చెడి నియమములు. వీని యౌచిత్యమును కాదనలేము. ఆ సంఘమువారు చేసిన మేలును కాదనలేము: ఎల్లోస్టోను వనమును కాపాడు 1894 నాటి చట్టము వెనుక వారి కృషి కలదు. అయినను మంచులో దిగబడిన జింకను చలికాలమున వెదకుచు పోవువాడెవడు? ఆటకై వచ్చినవాడు కాదు. ఇంటిలో మాంసము కావలసినవాడు. వానిని పేరు పెట్టి వెలివేయలేదు. వాని పద్ధతిని వెలివేసిరి. ఫలితము ఒకటే యైనది. ఇంతమాత్రమున నియమము తప్పని నేననను. మాంసముకొఱకు చంపువారు, మాంసము విక్రయించువారు అప్పుడు అమెరికా మృగములను ఎంత వేగముగా తుడిచిపెట్టుచుండిరో తెలిసినవారెవరును అట్లనలేరు.

నేడు అమెరికాలో పల్లెపట్టుల నున్న జింకవేట సంఘములు ఇంత ఘనమైనవి కావు. కొందఱు కూడి చందాలు వేసికొని అడవిభూమిని కౌలునకు తీసికొందురు. వానిలో అనేకమునకు అతిథి నియమములు దాదాపు ఒక్క తీరుననే యుండును: అతిథి వెంట సభ్యుడు ఉండవలెను, అతిథి కొట్టిన జింక సభ్యుని లెక్కలో పడును, అతిథి తప్పునకు సభ్యుడు బాధ్యుడు. అటవీపాలకుడు చూచుచుండగా పట్టవలెనన్న 1217 నాటి మాటకును దీనికిని దూరము కొంచెమే. చూచెడి కన్ను రాజసేవకుని నుండి సభ్యునికి మాఱినది.

మన దక్షిణదేశమున ఇట్టి సంఘములకు పుట్టినిల్లు నీలగిరి. తెలుగు జిల్లాలకును ఆ కొండలకును అప్పుడు చెన్నపట్టణపు ప్రభుత్వమే ఏలిక. 1870-80 నడుమ ఉదకమండలపు దొరలు కణుజులు తఱిగిపోవుచున్నవని మొఱపెట్టి నీలగిరి వేటజంతు సంఘముగా నేర్పడిరి. 1879లో చెన్నరాష్ట్రపు రెండవ చట్టము నీలగిరి వేటజంతువులను, చేపలను కాపాడుటకై వెలువడెను. కణుజు, దుప్పి మొదలైన వానితోపాటు అందు ఐబెక్సు, జంగిలి గొఱ్ఱె యను పేళ్లు కలవు. మొదటిది ఐబెక్సు కానే కాదు, నీలగిరి వరయాడు. రెండవది గొఱ్ఱె కాదు, కుక్కవలె మొఱిగెడి చిన్నజింక. మన అడవిగొఱ్ఱె, కొండగొఱ్ఱె యను పేళ్లను చూచినచో దొరలు ఈ పేరును ఇచటివారినుండియే ఎత్తుకొనిరేమో యనిపించును. వేటకు కాలము, అనుమతిపత్రము ఏర్పడినవి. కొమ్ములు లేని ఆడుకణుజును కొట్టుట పెద్దమనిషి తనము కాదను భావము బలపడినది. ఇది ఎట్లు అను నియమము, మేలైన నియమము. అయితే అనుమతిపత్రము కొను శక్తిగాని, వ్రాతగాని లేని కుఱుంబలు, ఇరులలు ఏమి కావలెను? తరతరములుగా ఉచ్చులు పన్నినవారు ఒక్క కలపు పోటుతో దొంగలైరి. 1882 నాటి చెన్నరాష్ట్ర అటవీ చట్టము ఉచ్చులను, వలలను నిషేధించు అధికారమును రక్షితారణ్యములన్నిటికి వ్యాపింపజేసినప్పుడు మన నల్లమల చెంచులకును, గోదావరి కొండలలోని కోయలకును ఇదే గతి పట్టెను. రంపపితూరీ ఆరంభమైనదియు 1879లోనే. దానికి కల్లుపన్ను మొదలైన కారణములు వేఱుగా నున్నవి గాన రెంటిని ముడిపెట్టుట సాహసము. ఏలికలు అడవిపై ఒకే సమయమున రెండు కొండలయందును పట్టు బిగించిరనుట మాత్రము సాహసము కాదు.

హైదరాబాదు సంస్థానమున సంఘములకంటె ప్రభువు ఆతిథ్యమే ప్రధానము. షికారుగాహులు నిజాము ప్రభువువి. పిలుపు అందుకొన్నవాడే అతిథి. 1902లో గవర్నరు జనరలు కర్జను దంపతులు వరంగల్లు ప్రాంతపు నెక్కొండ దగ్గఱ చచ్చిన పెద్దపులి కడ నిలుచున్న ఛాయాచిత్రమును రాజా దీనదయాళు చిత్రశాల లోకమున కందించినది. అందు పులి యున్నది, అతిథులున్నారు. పులిని తోలి తెచ్చిన పల్లెవారి పేళ్లు దానివలన మనకు తెలియవు.

ఇంగ్లండున 1217 నాటి అటవీ శాసనపత్రములో మిగిలిన భాగములు 1971లో రద్దయినవి. మఱుసటి యేటనే, 1972లో, మనదేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టమున మొదట కొన్ని జంతువుల వేటకు అనుమతిపత్రములిచ్చు ఏర్పాటు ఇంకను మిగిలియుండెను. 1991 సవరణతో అదియు పోయినది. నీలగిరి సంఘము తన పేరులోని వేటను విడిచి వన్యప్రాణి రక్షణను చేర్చుకొనెను. హైదరాబాదు నగరపు తూర్పున, విజయవాడ బాట ప్రక్కన, నిజాము జింకలను వేటాడిన యడవి 1975లో మహావీరుని నిర్వాణమునకు ఇరువదియైదు శతాబ్దములు నిండిన సందర్భమున అతని పేర హరిణ వనస్థలి యైనది. అచట కృష్ణజింకలున్నవి, దుప్పులున్నవి. ఏ కొమ్మును ఊదక, ఏ సభ్యుని వెంటబెట్టుకొనక, ద్వారము కడ రుసుము చెల్లించినవాడెవడైనను లోనికి పోయి వానిని చూచి రావచ్చును.