చీకటి గది నుండి బూట్ల డబ్బా దాకా

సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు మామూలుగా మేము ఏ కోట గురించో, ఏ నవాబు గురించో రాస్తూ వచ్చాము. ఈసారి ఒక బూట్ల డబ్బా గురించి రాస్తున్నాము. నవ్వకండి. చివరిదాకా చదివితే అది ఎంత పెద్ద వంశంలో పుట్టిన డబ్బాయో మీకే తెలుస్తుంది.

సంగతి ఇది. పోయిన వేసవిలో మన చదువుల గది గోడకు సున్నం వేయించాము. ఆ గోడ మీద పిల్లల కోసం ఒక ప్రపంచ పటం, పైన సంఘం పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలని అందరి కోరిక. చేతిలో డబ్బు తక్కువ. అప్పుడు మన పిల్లకాయలే ఒక ఉపాయం పట్టుకొచ్చారు. ఖాళీ బూట్ల డబ్బాకు ఒక పక్క గుండ్రంగా కోసి, నూట ఇరవై రూపాయల భూతద్దం ఒకటి అందులో బిగించి, లోపల సెల్‌ఫోను నిలబెట్టారు. ఇషా తర్వాత దీపాలు ఆర్పి చూస్తే గోడ మీద బొమ్మ పడింది. పెన్సిలుతో గీతల వెంట పోవడమే తరువాయి అన్నారు. తీరా చూస్తే మన సంఘం పేరు ఉర్దూలో ఎడమ నుంచి కుడికి నడుస్తున్నది, తెలుగు కుడి నుంచి ఎడమకు నడుస్తున్నది! అందరమూ పడీపడీ నవ్వాము.

నవ్వని మనిషి ఒక్కరే. మన పెయింటర్ చాచా. నలభై ఏళ్లు ఈ ఊరి దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. "ఇది దొంగపని భాయ్. చర్బా దించేవాణ్ణి ఎవడూ ఉస్తాద్ అనడు" అనేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నిజంగా దొంగపనేనా? అని పుస్తకాలు తిరగేశాము. తెలిసినంత ఇక్కడ పెడుతున్నాము.

ముందు చాచా వాడిన మాటనే తీసుకుందాం. నేడు ఉర్దూలో ‘చర్బా’ అంటే నకలు, కాపీ కొట్టినది అని తిట్టు. కాని పూర్వం అది చిత్రకారుడి పెట్టెలో ఉండే గౌరవమైన సాధనం. జింక తోలును అవతలిది కనిపించేటంత పల్చగా చేసి, దానిని బొమ్మ మీద పరిచి, గీతల వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచేవారు. ఆ తోలును కొత్త కాగితం మీద పెట్టి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు చుక్కలుగా రూపం దిగేది. ఇరాన్ చిత్రశాలల్లోనూ, మన మొగలుల చిత్రశాలల్లోనూ తరం నుంచి తరానికి రూపాలు ఇలాగే వచ్చాయి. రేఖాచిత్రానికి ‘ఖాకా’ అన్న పేరు కూడా ఖాక్, అనగా ధూళి నుండి వచ్చినదే. అంతదూరం ఎందుకు, మన తీరాన తయారై ఓడలెక్కిన కలంకారీ ఛీట్లకు కూడా కాగితం మీద నమూనా గీసి, పొడిచి, బొగ్గుపొడి చల్లి బట్ట మీదికి దించేవారని 18వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచివారు రాసిపెట్టారు. దించడం తప్పయితే ఆ బట్టలన్నీ తప్పే అవుతాయి.

ఇక వెలుతురుతో దించడం సంగతి. దీనికి మూలపురుషుడిగా అందరూ తలచేది ఇబ్నుల్ హైసమ్‌ను. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూసిన మహా పండితుడు. యూరపువారు అల్‌హజెన్ అంటారు. నైలు నది నీటిని అదుపు చేయిస్తానని ఖలీఫా అల్ హాకిం వద్ద మాటిచ్చి, స్వయంగా వెళ్లి చూశాక అది తన వల్ల కాదని గ్రహించి, ఆ ఖలీఫా కోపానికి భయపడి పిచ్చివాడిలా నటిస్తూ ఏళ్ల తరబడి గడిపాడని పాత చరిత్రకారులు చెబుతారు. అది కథో నిజమో గాని, ‘కితాబుల్ మనాజిర్’ అనే ఏడు భాగాల గ్రంథం మాత్రం నిజం.

ఆయన చేసిన ప్రయోగం ఎంత తేలికైనదో చూడండి. ఒక చీకటి గది, దాని గోడకు చిన్న రంధ్రం. బయట వేరువేరు చోట్ల దీపాలు పెట్టాడు. లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపానికి అడ్డం పెడితే దాని మచ్చ ఒక్కటే పోయింది, మిగతావి చెక్కుచెదరలేదు. అడ్డు తీస్తే తిరిగి వచ్చింది. అంటే ఇన్ని వెలుతురులు ఒకే రంధ్రంలో దూరినా ఒకదానితో ఒకటి కలిసిపోవు, దేని దారిన అది తిన్నగా పోతుంది. గ్రహణం నాడు సూర్యుడి రూపం రంధ్రం గుండా కొడవలిలా ఎందుకు పడుతుందో, రంధ్రం పెద్దదైతే ఆ కొడవలి ఎందుకు మాసిపోతుందో వివరించడానికి వేరే ఒక గ్రంథమే రాశాడు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. మన సభల్లో కొందరు వక్తలు "కెమెరా కనిపెట్టింది మనవాడే, ‘కమరా’ అనే అరబీ మాట నుంచే కెమెరా వచ్చింది" అని చప్పట్లు కొట్టిస్తుంటారు. అది సరికాదు. కెమెరా లాటిన్ మాట, గది అని అర్థం. మనం ఇంట్లో అనే ‘కమ్రా’ కూడా పోర్చుగీసువారి నోట వచ్చిన అదే లాటిన్ మాట. రంధ్రం గుండా బొమ్మ తలకిందులుగా పడుతుందని చైనాలో మోజీ శిష్యులకు క్రీస్తుకు పూర్వమే తెలుసు. ఇబ్నుల్ హైసమ్ ఆ చీకటి గదిలో బొమ్మలు గీయమని కూడా చెప్పలేదు. ఆయన చేసింది అంతకన్నా గొప్ప పని. ఎందుకు అలా జరుగుతుందో ప్రయోగం చేసి నిలబెట్టాడు. లేని గొప్ప తగిలించి ఉన్న గొప్పను పలచన చేయడం ఆ పెద్దమనిషికి మర్యాద కాదు.

మరో ముచ్చట. ఆయనకు జీతం నాతం లేని రోజుల్లో ఏం చేసి బతికాడనుకున్నారు? నకళ్లు రాసి! యూక్లిడ్ వగైరా గణిత గ్రంథాలను ఏటా చేతితో ఎత్తి రాసి, నూట యాభై ఈజిప్టు దీనార్లకు అమ్మి, ఆ సొమ్ముతో ఏడాదంతా గడిపేవాడని ఇబ్నుల్ ఖిఫ్తీ రాశాడు. ఎత్తి రాసి పొట్ట పోసుకున్న చేతులే అంత కొత్త శాస్త్రాన్నీ రాశాయి.

ఆయన పుస్తకం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి వెళ్లింది, 1572లో బాసెల్‌లో అచ్చయింది. చీకటి గదిలో పడిన బొమ్మ వెంట కలం నడిపితే బొమ్మ గీయడం రానివాడు కూడా గీయగలడని ఇటలీలో డెల్లా పోర్టా 1558లో రాశాడు. తర్వాత రంధ్రంలో కటకం వచ్చింది. గది కాస్తా గుడారమైంది, గుడారం కాస్తా చేతిపెట్టె అయింది. 1786లో మన దేశానికి వచ్చిన థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం ఆ పెట్టెను వెంట తిప్పుకుంటూ గుళ్లూ మసీదులూ కోటలూ గీసుకుపోయారు. వాటితో వేసిన 144 చిత్రాలను నేటికీ చూసి మురిసిపోతున్నాము.

బయటి దృశ్యాన్ని లోపలికి తేవడం ఒకటైతే, లోపలి బొమ్మను దీపంతో గోడ మీదికి పంపడం మరొకటి. ఇది 1659 నాటికి డచ్చి పండితుడు హైగెన్స్ చేతిలో తయారైంది. అదే మాయాలాంతరు. పాపం, ఆయనకు అదంటే సిగ్గు. శనిగ్రహపు వలయాన్ని గుర్తించినవాడు గోడ మీద అస్థిపంజరాల బొమ్మలు ఆడిస్తాడా అని జనం అంటారని, కన్నతండ్రి అడిగినా ఇవ్వడానికి వెనకాడాడు. మా కాలపు కాలేజీల్లో పుస్తకం పేజీనే గోడ మీద చూపే ఎపిడయాస్కోపు, ఆ తర్వాత వచ్చిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు ఈ లాంతరు మనుమలే.

సిగ్గు సంగతి వచ్చింది గనుక మరో ఇద్దరిని చెప్పాలి. అమెరికాలో నార్మన్ రాక్‌వెల్ అనే పేరుమోసిన చిత్రకారుడు ఫోటోలను బొమ్మలోకి దించడానికి ప్రొజెక్టరు వాడాడు. దాన్ని నానా తిట్లూ తిడుతూనే వాడాడు. వెర్మీర్ అనే డచ్చి చిత్రకారుడు చీకటి పెట్టె వాడాడా లేదా అని పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1675లో ఆయన పోయాక రాసిన ఇంటి సామాను పట్టీలో అలాంటిదేమీ లేదు. డేవిడ్ హాక్నీ 2001లో పుస్తకం రాసి, పాత ఉస్తాదులు ఎందరో అద్దాలూ కటకాలూ వాడారని వాదించాడు. పెద్ద గలాటా అయింది. మాకు ఆ గలాటాలో ఒకటే వింతగా తోచింది. వాడితే గొప్ప తగ్గిపోతుందని ఇరుపక్షాల్లోనూ చాలామంది అనుకున్నారు.

తగ్గుతుందా? దానికి మాకు దొరికిన జవాబు ఇద్దరు స్నేహితుల కథ. 1806లో వొలాస్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కెమెరా లూసిడా అనే చిన్న పట్టకానికి పేటెంటు పొందాడు. దానిలోంచి చూస్తే ఎదుటి దృశ్యమూ చేతికింది కాగితమూ ఒకేసారి కనబడతాయి, గీత వెంట పోవడమే పని. జాన్ హెర్షెల్ దానితో అద్భుతమైన చిత్రాలు గీశాడు. అదే సాధనాన్ని టాల్బట్ 1833లో ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున పట్టుకుని కూర్చుంటే, కాగితం మీద పిచ్చిగీతలు మిగిలాయి. మనసు విరిగి, ఈ బొమ్మ తనంతట తానే కాగితం మీద నిలిచిపోతే ఎంత బాగుండునని అనుకున్నాడు. ఆ తలపే పెరిగి 1839 నాటికి ఫోటోగ్రఫీ అయింది. పట్టకం ఒకటే. చేతులే వేరు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. సినిమా బ్యానర్లు రాసేవారు ఫోటో మీద గళ్లు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్లు గీసి, గడికి గడి పెంచుకుంటూ పోయేవారు. హుసేన్ సాహెబ్ అంతటివాడు 1930ల్లో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి కడుపు నింపుకున్నవాడే. 2000 తర్వాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చి ఆ చేతులన్నిటికీ పని లేకుండా చేశాయి. ఇది రాస్తూ మేము తల దించుకోవలసి ఉంది. మన సంఘం బోర్డు ఎవరు రాసేవారు? చాచాయే. పదేళ్ల కింద చవకని ఫ్లెక్సీ వేయించింది ఎవరు? మేమే. ఆయనకు ఒక మాటైనా చెప్పలేదు. ఆ రోజు రాత్రి ఆయన కోపం బూట్ల డబ్బా మీద కాదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇంటికి వెళ్లి మాఫీ అడిగాము. టీ ఇచ్చారు, ఏమీ అనలేదు.

డబ్బా కిటుకు కూడా చెప్పి ముగిస్తాము, మీ పిల్లలకు పనికొస్తుంది. కటకం బొమ్మను తలకిందులు చేస్తుంది, కాబట్టి ఫోనును తలకిందులుగా పెడతాము. కాని ఫోను ముఖం గోడ వైపు, మన ముఖమూ గోడ వైపే. అందుచేత అక్షరాలు అద్దంలోలాగా తిరగబడతాయి. ఎపిడయాస్కోపులో దీనికే ఒక అద్దం పెట్టేవారు. మనం ఫోనులోనే బొమ్మను ముందుగా తిరగేసి పెట్టుకుంటే సరి. పదిహేను సెంటీమీటర్ల నాభ్యంతరం గల భూతద్దాన్ని గోడకు మీటరున్నర దూరంలో పెట్టి, ఫోనును అద్దానికి పదహారున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో నిలిపితే బొమ్మ తొమ్మిది రెట్లు పెద్దదవుతుంది. కాని ఉన్న వెలుతురే ఎనభై ఒక్క రెట్లు జాగాలో పరుచుకోవాలి గదా, అందుకే గుడ్డివెలుగు. గది చిమ్మచీకటిగా ఉండాలి, ఫోను వెలుతురు పూర్తిగా పెంచాలి. డబ్బా వాలుగా ఉంటే బొమ్మ ఒక పక్క సాగిపోతుంది. అంచుల్లో ఎలాగూ మసకే, అసలు బొమ్మను నడుమ ఉంచుకోవాలి.

మూడో రాత్రి పిల్లలు పటం గీస్తుండగా చాచా తమంతట తామే వచ్చారు. గోడ వైపు కాసేపు చూసి, ఉర్దూ అక్షరాల దగ్గర ఆగారు. పెన్సిలు గీత సరిగ్గా బొమ్మ వెంటనే ఉంది, కాని ‘నూన్’ కడుపు చచ్చినట్టుంది. "వెలుతురు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది బేటా, కలం ఎక్కడ వాలాలో చెప్పదు" అని, బ్రష్షు తడిపి ఒక్క తిప్పులో దాన్ని లేపారు. తర్వాత చత్వారం కళ్లజోడు సర్దుకుని, డబ్బాను ఇంకాస్త ఎడమకు జరపమన్నారు. ఆ రాత్రి తెలుగు పేరంతా ఆయనే గీతల వెంట రాశారు, రెండింటి దాకా.

గోడ చూడాలంటే ఆదివారం సాయంత్రం రండి. ఆస్ట్రేలియా కాస్త వంకరగా ఉంటుంది, అది మా చేతిపని. డబ్బా సంఘం ఆఫీసు బీరువా మీద ఉంది. కావలసినవారు రిజిస్టరులో సంతకం చేసి తీసుకుపోవచ్చు, భూతద్దాన్ని మాత్రం మెత్తటి గుడ్డతోనే తుడవాలి. చాచా నెలకు రెండు ఆదివారాలు పిల్లలకు అక్షరాలు నేర్పడానికి ఒప్పుకున్నారు. రుసుము ఎంతో ఆయనే చెబుతారు, బేరం ఆడవద్దని మనవి.