తెగిన నరం – చరిత్ర చెప్పే పాఠం

మన హసన్‌పర్తిలో చేతికి కత్తి తగిలితే ‘నరం తెగింది’ అంటాము. నెత్తురు పారే నాళమైనా, స్పర్శ తెలిపే నాడియైనా, కండను ఎముకకు కట్టి వేలిని ముడిపించే తాడువంటి టెండన్ అయినా మనకు అన్నీ నరములే. ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు.

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ (యూనానీ హకీములు జాలీనూస్ అంటారు) టెండన్‌లో నాడి కలిసి ఉన్నదని, దానికి సూది గుచ్చితే ఈడ్పులు వచ్చునని బోధించాడు. వైద్యులు భయపడి కుట్టడం మానుకున్నారు. బుఖారా ప్రాంతంలో పుట్టిన ఇబ్నె సీనా (980–1037) తెగిన టెండన్‌ను కుట్టవలెనని చెప్పిన తొలివారిలో ఒకరని చరిత్రకారులు అంటారు. అయినను గాలెన్ మాటే చాలాకాలం చెల్లింది. 1752లో హాలర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు టెండన్‌కు స్పర్శ లేదని ప్రయోగం చేసి చూపిన తర్వాతనే ఆ భయం సడలింది.

కుట్టినంత మాత్రాన వేలు ముడుచుకోదు. అరచేతి పైభాగం నుండి వేలి నడుమ వరకు రెండు టెండన్లు ఇరుకైన గొట్టంలో నడుస్తాయి. గాయం మానేటప్పుడు అవి గొట్టానికి అతుక్కుపోతాయి. అందుకే అమెరికా సర్జన్ బన్నెల్ అక్కడ వెంటనే కుట్టవద్దన్నాడు. 1967లో క్లైనర్ట్ బృందం వెంటనే కుట్టి, వేలికి రబ్బరు బ్యాండు కట్టి, తొలి రోజులనుండే కదిలించి మంచి ఫలితాలు చూపింది.

మన పొరుగున వేలూరులో 1946లో చేరిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠుతో చచ్చుబడిన వేళ్ళకు, పనిచేసే కండల టెండన్లను మళ్ళించి కదలిక తెచ్చాడు. ఆపరేషన్ తర్వాత వ్యాయామము, చేతిపని నేర్పించుట కూడా వైద్యమే అన్నాడు.

కాబట్టి మేము కోరేది ఇది. బక్రీదునాడు ఖుర్బానీ కత్తి జారినా, మాంజా కోసినా, నెత్తురు ఆగింది కదా అని ఊరుకోవద్దు. వేలు ముడిచి, చాచి చూడండి. కదలకపోయినా, తిమ్మిరెక్కినా పసుపు కట్టి ఇంట్లో కూర్చోక, శుభ్రమైన గుడ్డ చుట్టి ఆ రోజే వరంగల్ పెద్దాసుపత్రికి పోవాలి. వారాలు గడిస్తే తెగిన కొసలు వెనక్కి లాగుకొని కుట్టుట కష్టమవుతుంది. ఆపరేషన్ పిదప సుమారు మూడు నెలలు బరువు ఎత్తరాదు. డాక్టరు చెప్పిన కసరత్తు మానరాదు.

ఆ మూడు నెలలు కూలిమనిషి ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? సంఘం తన జకాత్, సదఖా సొమ్ములో కొంత ఇందుకు కేటాయిస్తే, కుట్టిన చేయి మళ్ళీ పని పట్టుకుంటుంది. ఇన్షా అల్లాహ్.