సముద్ర గస్తీ విమానాలు: బెంగళూరు లిబరేటర్ నుంచి హోసూరు హ్యాంగరు దాకా

కృష్ణగిరి జిల్లాకు సముద్రతీరం లేదు. ఆ జిల్లాలో దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న హోసూరు నుంచి తూర్పు తీరానికి చేరాలంటే పీఠభూమి దిగి రెండు వందల కిలోమీటర్లకు మించి ప్రయాణించాలి. అయినా హిందూ మహాసముద్రంపై జలాంతర్గాముల జాడ తీసే భారత నౌకాదళపు పీ-8ఐ విమానాలు భారీ తనిఖీల కోసం ఈ మెట్టప్రాంతానికే వస్తున్నాయి. 2022లో హోసూరులోని ఎయిర్ వర్క్స్ సంస్థ హ్యాంగర్లలో మూడు పీ-8ఐలకు ఏకకాలంలో ఆ పనులు జరిగాయి. యుద్ధవిమానం చరిత్రను అది పాల్గొన్న సమరాలను బట్టి రాయడం పరిపాటి. సముద్ర గస్తీ విమానానికి ఆ కొలమానం సరిపోదు. దాని జీవితంలో అధికభాగం ఏమీ కనిపించని నీలి విస్తీర్ణంపై గంటల తరబడి సాగే సంచారమే కాబట్టి, అది ఎన్నేళ్లు ఎగిరింది, ఎవరి చేతుల మీదుగా ఎగరగలిగింది అన్నవే అసలు ప్రశ్నలవుతాయి. భారతదేశం విషయంలో ఆ ప్రశ్నలకు సమాధానం తొలినుంచీ రేవుల్లో కంటే మరమ్మతుశాలల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఆకాశం నుంచి సముద్రాన్ని కాపు కాయవలసిన అవసరం తెలుగువారికి ప్రత్యక్షంగా తెలిసివచ్చిన రోజు 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానవాహక నౌక ర్యుజో నుంచి లేచిన విమానాలు ఆనాడు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అంతకు రెండు రోజుల ముందు సింహళానికి ఆగ్నేయంగా గస్తీ తిరుగుతున్న కెనడా వైమానికదళపు కేటలీనా విమానం, లియొనార్డ్ బర్చాల్ నాయకత్వంలో, జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాసమూహాన్ని కనిపెట్టి, కూల్చివేతకు గురయ్యేలోగా వార్త పంపగలిగింది. తత్ఫలితంగా కొలంబో కొంతమేరకైనా సన్నద్ధం కాగలిగింది. బంగాళాఖాతంలో, మన తీరం వెంబడి, అటువంటి దీర్ఘదృష్టి లేదు. విశాఖలో 6వ నంబరు తీర రక్షణ ఫ్లైట్ ఉండేది గాని, స్వచ్ఛంద రిజర్వు సిబ్బందితో, కాలం చెల్లిన వపిటీ వంటి ద్విపక్ష విమానాలతో నడిచిన ఆ చిన్న దళంపై వైఫల్యపు బాధ్యత మోపడం న్యాయం కాదు. సామ్రాజ్య రక్షణవ్యూహం వాయవ్య సరిహద్దు కొండలవైపు తిరిగి ఉన్నంతకాలం తూర్పు సముద్రానికి మిగిలింది ఆ పాతవే.

ఆ యుద్ధకాలంలోనే బెంగళూరు, సముద్రం లేకుండానే, సముద్ర విమానాల మరమ్మతుకు కేంద్రమైంది. మైసూరు సంస్థానం తోడ్పాటుతో వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో నెలకొల్పిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం యుద్ధ మధ్యంలో అమెరికా సైన్యపు నిర్వహణలోకి వెళ్లి, మిత్రరాజ్యాల విమానాలకు పెద్ద ఓవర్‌హాల్ కేంద్రంగా మారింది. నీటిపై వాలే కేటలీనాలను దింపడానికి సమీపంలోని బెళ్లందూరు చెరువు ఉపయోగపడింది. హోసూరు వైపునకు ఉన్న ఆ చెరువు నేడు కాలుష్యంతో వార్తలకెక్కుతున్నదే గాని, మహాసముద్రం మీద తిరిగిన విమానాలు ఒకప్పుడు ఆ నీళ్ల మీద వాలేవన్నది స్మరణీయం. విదేశీ యంత్రాన్ని విప్పి, అరిగినదాన్ని మార్చి, మళ్లీ ఎగరగల స్థితికి తేవడంలో స్థానిక కార్మికులు ఆ నాలుగైదేళ్లలో గడించిన అనుభవమే తర్వాతి కథకు పునాది.

యుద్ధం ముగిసేనాటికి బ్రిటిష్ వైమానికదళపు బీ-24 లిబరేటర్లు కాన్పూరులో పెద్దసంఖ్యలో నిలిచిపోయాయి. నాలుగు ఇంజన్లు, ముప్పై మూడు మీటర్లకు మించిన రెక్కల విస్తారం, సుదీర్ఘ ప్రయాణశక్తి గల ఈ అమెరికా బాంబర్ 1943లో అట్లాంటిక్ నడిమి భాగంలో జర్మన్ జలాంతర్గాములకు నిర్భయ విహారస్థలం లేకుండా చేసిన విమానాల్లో అగ్రగణ్యమైనది. అరువు ఒప్పందం కింద వచ్చిన వాటిని యుద్ధానంతరం తిరిగి అప్పగించాలి, లేదా పనికిరాకుండా చేయాలి. తిరిగి తీసుకుపోవడం అమెరికాకు అక్కరలేదు. కనుక వాటిని అక్కడికక్కడే ధ్వంసం చేశారు, కొన్నింటిని యంత్రాలతో మోది, కొన్నింటి ఇంజన్లలో ఇసుక పోసి. స్వాతంత్ర్యం వచ్చి, కాశ్మీరు యుద్ధం నడుస్తున్న వేళ, బరువైన బాంబర్లు కొనగల స్తోమత గాని, అమ్మే మిత్రుడు గాని లేని కొత్త ప్రభుత్వానికి ఆ శకలాలే దిక్కయ్యాయి.

1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ బృందం కాన్పూరు వెళ్లి, ఒకదాని భాగం మరొకదానికి అతికించి, బెంగళూరు చేరేంతవరకు ఎగిరితే చాలునన్న స్థాయికి ఒక్కొక్క విమానాన్నీ సిద్ధం చేయగా, సంస్థ పరీక్షా పైలట్ జంషెడ్ మున్షీ వాటిని దక్షిణాదికి నడిపి తెచ్చాడు. పూర్తి పునరుద్ధరణ బెంగళూరులో జరిగింది. ఈ విధంగా సుమారు నలభై లిబరేటర్లు ప్రాణం పోసుకున్నాయి. తయారీదారు సహాయం లేదు. విడిభాగాల సరఫరా లేదు. పాడుచేయడమే లక్ష్యంగా పాడుచేసిన యంత్రాలవి. స్వతంత్ర భారతంలో తొలి విమానాన్ని రూపకల్పన చేసి ఎగరేయడం కంటే ఈ పని తక్కువదని భావించేవారున్నారు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ అంచనా సరికాదు: స్వంత నమూనాను తప్పుల మధ్య నేర్చుకుంటూ మలచుకోవచ్చు, కాని పరాయి యంత్రపు ఆంతర్యాన్ని దాని శిథిలాల నుంచే గ్రహించి నలభైసార్లు దోషం లేకుండా నిలబెట్టడానికి వేరే క్రమశిక్షణ కావాలి. హోసూరు తాలూకా తొరపల్లిలో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి భారత గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలోనే, ఆయన స్వగ్రామానికి అనతిదూరంలో, ఈ పని జరగడం యాదృచ్ఛికమే అయినా ఈ ప్రాంతపు చరిత్రలో చెప్పుకోదగినది.

1948 నవంబరు 2న కాన్పూరులో లిబరేటర్లతో 5వ స్క్వాడ్రన్ ఏర్పడింది. సముద్ర గస్తీ బాధ్యత మాత్రం 6వ స్క్వాడ్రన్‌కు దక్కింది. 1942 డిసెంబరు 1న తిరుచినాపల్లిలో మెహర్ సింగ్ నాయకత్వాన హరికేన్లతో పుట్టి, బర్మా రంగంలో పద్నాలుగవ సైన్యానికి కళ్లుగా పేరుపొందిన ఆ దళం దేశవిభజన సమయంలో రద్దయి, 1951 జనవరిలో పుణేలో లిబరేటర్లతో పునర్జన్మ ఎత్తింది. శత్రుసేనను గాలించిన చూపు ఇకమీదట అలలను గాలించవలసి వచ్చింది. బాంబులతో పాటు సముద్రాన్ని వెదికే రాడారును మోసుకొని ఈ విమానాలు అరేబియా సముద్రం మీదా, బంగాళాఖాతం మీదా, అండమాన్, లక్షదీవుల దాకా తిరిగాయి. 1957 నుంచి 5వ స్క్వాడ్రన్ జెట్ యుగపు కాన్బెర్రాలకు మారగా, 6వ స్క్వాడ్రన్ లిబరేటర్లు 1968 డిసెంబరు 31 వరకు సేవలోనే ఉన్నాయి. అమెరికాలో పద్దెనిమిది వేలకు పైగా తయారైన ఈ విమానాన్ని సైనిక సేవలో చిట్టచివరిదాకా నడిపినవారిలో భారతీయులున్నారు. నేడు ప్రపంచపు మ్యూజియాల్లో నిలిచి ఉన్న కొద్దిపాటి లిబరేటర్లలో పలు విమానాలు, బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంకు 1974లో చేరినదానితో సహా, బెంగళూరులో బతికి బయటపడినవే.

ఈ దీర్ఘాయువు గర్వించదగినదే, కాని దానికి మరోపక్క కూడా ఉంది. ఇరవై ఏళ్లు ఒకే విమానం నిలిచిందంటే కార్మికుల నైపుణ్యం ఎంత కారణమో, పాలకుల ఉపేక్ష కూడా అంత కారణం. 1962 నాటి పరాజయం, 1965 యుద్ధం వైమానికదళపు నిధులను, ధ్యాసను భూసరిహద్దులవైపే లాగాయి. ఫైటర్లకు కొరత ఉన్నప్పుడు నీటిమీద తిరిగే విమానానికి ఎవరు ముందుగా ఖర్చుపెడతారు? 1965 సెప్టెంబరు 7 రాత్రి పాకిస్తాన్ నౌకలు ద్వారకపై గుండ్లు కురిపించి నిరపాయంగా తిరిగివెళ్లాయి. లిబరేటర్ల తర్వాత వచ్చినవి సైతం కొత్తవి కావు: బోయింగ్ 707లు వచ్చాక ఎయిర్ ఇండియా వదులుకొన్న సూపర్ కాన్‌స్టెలేషన్లు. చూడముచ్చటైన మూడు తోకల విమానం. కాని పుట్టుకతో ప్రయాణికులది. దానిలో రాత్రింబవళ్లు గస్తీ తిరిగినవారి శ్రమను గౌరవిస్తూనే, జలాంతర్గామిని వెదికి వేటాడే సాధనసంపత్తి దానికి లేదని ఒప్పుకోవాలి.

1971లో ఆ లోటు విశాఖ రేవు ముఖద్వారం దాకా వచ్చింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అరేబియా సముద్రం నుంచి ద్వీపకల్పాన్ని చుట్టి వచ్చి, డిసెంబరు 3–4 మధ్యరాత్రి విశాఖ దగ్గర మునిగిపోయేదాకా ఏ గస్తీ విమానానికీ చిక్కలేదు. అదే నెల 9న పశ్చిమాన హంగోర్ జలాంతర్గామి మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది.

సముద్ర గస్తీ ఎవరి పని అన్న వివాదం దీనితో పరాకాష్ఠకు చేరింది. ఆకాశంలో ఎగిరేదంతా ఒకే నాయకత్వం కింద ఉండాలన్నది వైమానికదళ వాదం. బ్రిటన్‌లో కోస్టల్ కమాండ్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో భాగం కనుక, వారి సంప్రదాయంలో పెరిగిన మనకు అది సహజంగా తోచింది. అమెరికాలో ఆ విమానాలు నౌకాదళానివే. రెండు పద్ధతులూ తమ తమ దేశాల్లో ఫలించాయి కనుక సిద్ధాంతరీత్యా ఏ ఒక్కదాన్నీ తప్పుపట్టలేం. మన అనుభవం మాత్రం వేరు: సొంతదారు ప్రాధాన్యక్రమంలో అట్టడుగున ఉన్న పని, దాని అవసరం అనుభవించేవారి చేతికి రావలసి వచ్చింది. 1976 నవంబరు 18న సూపర్ కాన్‌స్టెలేషన్లు నౌకాదళానికి బదిలీ అయి, గోవాలో 312వ నౌకా వైమానిక స్క్వాడ్రన్ ఏర్పడింది. ఈ నిర్ణయం సబబైనదే, కనీసం పదేళ్లు ఆలస్యమైనది. వైమానికదళపు 6వ స్క్వాడ్రన్ తర్వాత జాగ్వార్లతో నౌకలపై దాడి చేసే పాత్రలో సముద్ర సంబంధాన్ని నిలుపుకొంది.

తర్వాతి నలభై ఏళ్లు సోవియట్ విమానాలవి. 1977లో ఐఎల్-38లు, 1988లో ఎనిమిది టీయూ-142లు వచ్చాయి. ఈ రెండవవి మొదట గోవా నుంచి, 1992 తర్వాత అరక్కోణంలోని రాజాలీ స్థావరం నుంచి ఎగిరి, 1988లో మాల్దీవుల తిరుగుబాటు సమయంలోనూ సేవలందించి, 2017 మార్చి 29న విరమించాయి. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క ప్రమాదమైనా లేకుండా ముప్పై వేల గంటలు ఎగిరిన ఈ దళంలోని ఒక విమానం నేడు విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిచింది. ఐఎల్-38ల చరిత్రలో మాత్రం విషాదముంది. 2002 అక్టోబరు 1న, స్క్వాడ్రన్ రజతోత్సవం నాడే, గోవా ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని పన్నెండుమంది సిబ్బంది మరణించారు. యంత్రాలు ఎంత దృఢమైనవైనా వాటి పెద్ద ఓవర్‌హాల్‌కు రష్యా వెళ్లవలసివచ్చేది. బెంగళూరులో 1948లో సాధించిన స్వావలంబన, ఈ రంగంలో, చాలాకాలం వాడుకలో లేకుండాపోయింది.

అది తిరిగి రావడానికి దారి హోసూరు పక్కనే పడింది. 1988లో స్థాపితమైన తనేజా ఏరోస్పేస్ సంస్థ బెలగొండపల్లి వద్ద సొంత రన్‌వే వేసుకొని, ఇటాలియన్ నమూనాపై పీ-68సీ అనే ఆరుసీట్ల విమానాలను 1990లలో నిర్మించింది. స్వతంత్ర భారతంలో ప్రైవేటు సంస్థ విమానం తయారుచేసిన తొలి ఉదాహరణల్లో అదొకటి. మార్కెట్టు చిన్నదై ఆ ప్రయత్నం విస్తరించలేదు గాని, రన్‌వే మిగిలింది, నైపుణ్యం మిగిలింది, వాటిచుట్టూ మరమ్మతు పరిశ్రమ పెరిగింది. 2009లో కుదిరిన ఒప్పందం మేరకు 2013 మే నుంచి అరక్కోణం చేరనారంభించిన పీ-8ఐ, బోయింగ్ 737 ప్రయాణికుల విమానపు వంశంలోనిది కనుక, పౌరవిమానాల తనిఖీలో ఆరితేరిన చేతులకు సులభంగా ఒదిగింది. నేడు పన్నెండున్న ఈ విమానాలు 2014లో మలేసియా విమానం ఎంహెచ్-370 అన్వేషణలోనూ, 2020లో లద్దాఖ్ సరిహద్దు నిఘాలోనూ పాల్గొన్నాయి. అయితే ఇది 1948 నాటి స్వావలంబనతో సమానం కాదు: రూపకల్పన, ముఖ్యభాగాలు, ఆయుధవ్యవస్థల రహస్యాలు ఇప్పటికీ తయారీదారు వద్దే ఉన్నాయి. హోసూరులో నిలిచింది తనిఖీ చేసి నడపగల శక్తి; నిర్మించగల శక్తి ఇంకా రావలసే ఉంది.

లిబరేటర్లను నిలబెట్టినవారిలో అధికారుల పేర్లు గ్రంథాలకెక్కాయి గాని, రివెట్లు కొట్టినవారివి కుటుంబాల్లోనే మిగిలాయి. హోసూరు, బాగలూరు, బెంగళూరు పరిసరాల్లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఉద్యోగుల వారసులెవరివద్దనైనా ఆనాటి ఛాయాచిత్రాలు, గుర్తింపు కార్డులు, పనిపుస్తకాలు ఉంటే, వాటిని ఆ సంస్థకు వారసురాలైన హెచ్‌ఏఎల్ బెంగళూరులో నడుపుతున్న వారసత్వ మ్యూజియం దృష్టికి తీసుకురావలసిందని మనవి.