డిమ్ము, బ్రైటు, ఒక నల్ల తీగ

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ఆ మరుసటి నెలలోనే నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక వైరింగ్ షాపులో పనికి చేరాను. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. అవనిగడ్డ, నాగాయలంక వైపు నుంచి తాళ్లు కట్టి లాక్కొచ్చిన బండ్లు షాపు ముందు వరసగా నిలబడి ఉండేవి. పక్క షెడ్డువాళ్లు ఇంజన్లు విప్పి, కిరసనాయిలుతో కడిగి, నాలుగు రోజుల్లో తిప్పేసేవాళ్లు. కరెంటు పని మాత్రం ఒక పట్టాన తెమిలేది కాదు. ఇవాళ వెలిగిన దీపం మూడోనాటికి ఆరిపోయేది. తీగ మీది తొడుగు కొత్తదానిలా నిగనిగలాడుతూనే ఉండేది. లోపలి రాగి మాత్రం పచ్చగా చిలుమెక్కి, గోటితో గీరితే పొడిగా రాలేది. ఉప్పు తీగ కొసన జొరబడి జానెడు, మూరెడు లోపలికి పాకిపోయేది.

ఆ బండ్లలో ఒక అంబాసిడర్ టాక్సీ నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. డిమ్ము వేస్తే కుడి దీపం బాగానే వెలిగేది. ఎడమ దీపం ఎర్రగా, ఆరిపోబోయే నిప్పులా ఉండేది. విచిత్రం ఏమిటంటే, డిమ్ములో ఉన్నప్పుడు కూడా డాష్‌బోర్డు మీద బ్రైటు గుర్తు చిన్నగా మినుకుమనేది. నేను బల్బు మార్చాను. మళ్లీ అంతే. హోల్డరు మార్చాను. అంతే. అప్పుడు మా మేస్త్రిగారు బీడీ పక్కన పెట్టి, "కరెంటు ఎక్కణ్ణించి వస్తోందో చూశావు గానీ, ఎటు పోతోందో చూశావట్రా అబ్బాయ్?" అన్నారు. సుద్దముక్కతో నేల మీద రెండు దీపాలు గీశారు. నలభై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఆ సుద్ద బొమ్మను మించిన పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు.

హెడ్‌లైటు బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి డిమ్ముకి, ఒకటి బ్రైటుకి. రెండూ లోపల ఒకచోట కలిసి, ఒకే కాలి మీదుగా బయటికి వచ్చి, బండి బాడీకి ఎర్తు అవుతాయి. ఆ టాక్సీ ఎడమ దీపంలో బల్బుకూ స్విచ్చుకూ ఏమీ కాలేదు. ఎర్తు తెగింది. డిమ్ము ఫిలమెంటులోకి వచ్చిన కరెంటుకు బాడీలోకి పోయే దారి లేదు. అందుకని అది వెనుదిరిగి బ్రైటు ఫిలమెంటులోకి ఎక్కి, బ్రైటు తీగ వెంట నడిచి, కుడి దీపంలోని బ్రైటు ఫిలమెంటు మీదుగా అక్కడి ఎర్తు వెతుక్కుంది. ఒకదానికి వచ్చిన పన్నెండు వోల్టులు మూడు ఫిలమెంట్లు పంచుకున్నాయి. ఒక్కోదానికి నాలుగు కూడా మిగలవు, అందుకే ఆ ఎర్రదనం. బ్రైటు గుర్తు కూడా ఆ తీగ మీదే ఉంది కాబట్టి అదీ మినుకుమంది. మేస్త్రిగారు ఎడమ మడ్‌గార్డు లోపల తుప్పులో కలిసిపోయిన ఒక స్క్రూ విప్పి, రేకును ఆకురాయితో మెరిసేదాకా గీరి, నల్ల తీగ మళ్లీ బిగించారు. దీపం తెల్లగా వెలిగింది. అంత తెల్లటి వెలుతురును నేను అంతకుముందు చూడలేదనిపించింది.

ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఎందుకు పెట్టారన్నది ఆయన తర్వాత తీరికగా చెప్పారు. కొంత ఆయన దగ్గర విన్నాను, కొంత తర్వాత నేనే పుస్తకాల్లో వెతుక్కున్నాను. మోటారు బండికి మొదట్లో కరెంటు దీపాలు లేవు. కార్బైడు మీద నీటి చుక్కలు పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువును వెలిగించేవాళ్లు. మన ఊళ్లలో రాత్రి తిరునాళ్లలో మిఠాయి బళ్ల మీద వెలిగిన గ్యాసు దీపం అదే. అది వెలిగితే వెలిగినట్టు, లేకుంటే లేదు. ఎదుటి మనిషి కోసం అప్పటికప్పుడు తగ్గించే వీలు లేదు. 1912లో అమెరికాలో కాడిలాక్ బండికి చార్లెస్ కెటరింగ్ బృందం సెల్ఫ్ స్టార్టరు, కరెంటు దీపాలు, ఇగ్నిషన్ కలిపి ఒకే ఏర్పాటుగా అమర్చింది. అక్కణ్ణించి దీపం వెలుతురు పెరుగుతూ పోయింది. దాంతోపాటు ఎదురొచ్చేవాడి కళ్లు చెదరడమూ పెరిగింది.

ఇంగ్లీషు బండ్లలో దీన్ని ఒక మొరటు ఉపాయంతో సరిపెట్టారు. డ్రైవరు స్విచ్చు వేయగానే కుడి దీపం పూర్తిగా ఆరిపోయేది. ఎడమ దీపంలో బల్బు వెనకున్న అద్దాన్ని ఒక చిన్న అయస్కాంతం లాగి కిందికి వంచేది. డిప్ అంటే అక్షరాలా ఆ వంగడమే. లారీల వెనక రంగు అక్షరాల్లో కనిపించే 'యూజ్ డిప్పర్ ఎట్ నైట్'లో ఆ మాట ఇంకా బతికే ఉంది. అద్దం వంగడం ఆగిపోయి మాత్రం ముప్పాతిక శతాబ్దం కావస్తోంది.

అసలు మలుపు 1925లో ఆస్‌రామ్ కంపెనీ తెచ్చిన బైలక్స్ బల్బు. రెండు ఫిలమెంట్లు, డిమ్ము ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దోనె. ఆ దోనె కాంతిని కిందికి పోనివ్వదు. పైకి మాత్రమే పోయిన కాంతి రిఫ్లెక్టరు పై సగానికి తగిలి రోడ్డు మీదికి వంగుతుంది. బ్రైటు ఫిలమెంటుకు దోనె లేదు, రిఫ్లెక్టరు మొత్తం వాడుకుంటుంది. ఏదీ కదలదు, ఏదీ వంగదు. మరి ఇంత మేలైన ఏర్పాటును మనవాళ్లు ఎలా వాడారో గుర్తొస్తే నాకు బాధే. హెడ్‌లైటు అద్దం మీద నల్లరంగు పూయించడం ఒకప్పుడు ఊరూరా ఉండేది. కొందరు మధ్యలో నల్లబొట్టు పెట్టేవాళ్లు, కొందరు పై సగమంతా పూసేవాళ్లు. ఎదుటివాడికి మేలు చేయాలన్న ఉద్దేశం మంచిదే. కానీ డిమ్ము కాంతి ఎక్కువగా వచ్చేది ఆ పై సగం నుంచే. దాన్ని మూసేస్తే డ్రైవరుకు డిమ్ములో రోడ్డు కనిపించదు. కనిపించక బ్రైటులోనే నడుపుతాడు. రంగు పూయించుకోవడానికి వచ్చిన ప్రతి డ్రైవరుకూ మేస్త్రిగారు ఈ సంగతి చెప్పేవారు. వద్దని పంపేసిన బేరాలు నాకు తెలుసు.

ఆ నల్లరంగు ఆయనకు వేరే జ్ఞాపకం. ఆయన పుట్టింది కాకినాడలో. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు ఆయన చిన్న పిల్లవాడు. ఆ తర్వాత రాత్రిళ్లు ఊళ్లోకి వచ్చే మోటార్ల దీపాలకు నల్లకాగితం అంటించి, సన్నటి చీలిక మాత్రం వదిలేవారని, బండి చప్పుడు ముందు వినిపించి ఆ తర్వాత ఎప్పటికో ఆ చీలిక కనిపించేదని చెప్పేవారు. దీపాల పని మీద ఆయనకు ఆశ పుట్టింది ఆ చీలికను చూశాకేనట.

మా షాపులో అక్షరాలు నేర్చుకునేముందు రంగులు నేర్పేవారు. అంబాసిడర్ బండి ఉత్తరపారాలో 1957లో మొదలైంది. దాని తల్లి ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. కాబట్టి తీగల రంగులూ ఇంగ్లండు లూకాస్ వారివే. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. ఎరుపు సైడు దీపాలకు. నీలం హెడ్‌లైటు స్విచ్చు నుంచి డిమ్మరు దాకా. అక్కణ్ణించి నీలంలో తెల్లచార ఉంటే బ్రైటు, నీలంలో ఎర్రచార ఉంటే డిమ్ము. నలుపు ఎర్తు. చీకట్లో, బానెట్ కింద, గ్రీజు పట్టిన తీగను గుడ్డతో తుడిచి చారను గుర్తుపట్టడమే మొదటి పరీక్ష. నాకు నెల పట్టింది.

డిమ్మరు స్విచ్చు అంబాసిడర్‌లో క్లచ్ పెడల్‌కి ఎడమ పక్కన నేల మీద ఉండేది. కాలితో ఒకసారి తొక్కితే డిమ్ము, మళ్లీ తొక్కితే బ్రైటు. చేతులు స్టీరింగ్ వదలనక్కర్లేదు, ఆ సుఖం నిజమే. కానీ వానాకాలం చెప్పులతో వచ్చిన బురద, నేల రేకు చిల్లుల్లోంచి చిమ్మిన నీళ్లు అన్నీ దాని మీదే. లోపలి ఇత్తడి పలక నల్లబడేది. తొక్కినప్పుడు రెండు దీపాలూ ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ వచ్చేవి. హైవే మీద, ఎదురుగా లారీ వస్తుండగా ఆ ఒక్క క్షణం ఎంత పొడుగో నడిపినవాళ్లకు తెలుసు. అలా వచ్చిన బండికి మేస్త్రిగారు మూడు తీగలూ విప్పి ముందు ఒకదానికొకటి ఆనించి చూసేవారు. నీలం, నీలంతెలుపు కలిపితే బ్రైటు నిలకడగా వెలిగిందా, అయితే జబ్బు స్విచ్చులోనే. వెలగలేదా, అయితే ముందుకో వెనక్కో వెతకాలి. కొలిచే మీటరు ఆ రోజుల్లో మాకు లేదు. బల్బు హోల్డరుకు రెండు తీగలు, ఒక కొసన సూది, ఒక కొసన క్లిప్పు, అదే టెస్ట్ ల్యాంపు.

హాలోజెన్ బల్బులు రావడంతో పని తీరు మారింది. హెచ్4 అనే రెండు ఫిలమెంట్ల హాలోజెన్ బల్బు ఐరోపాలో 1971లో వచ్చింది. అది మా బెజవాడ షాపుల్లో మామూలు సరుకు కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పాత బల్బు 45/40 వాట్లు, ఇది 60/55. వెలుతురు చూసి అందరికీ ఆశ పుట్టింది, వెంటనే 100/90 బల్బులు బజార్లోకి దిగాయి. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది, జత కలిపి 10. 100 వాట్ల జత అయితే దాదాపు 17. అదంతా పాత సన్నటి తీగలోంచి, పాత స్విచ్చులోంచి పోవాలి. హోల్డర్లు కరిగి బల్బు కాళ్లకు అతుక్కుపోయి వచ్చేవి. స్విచ్చు వాసన డ్రైవర్లే పసిగట్టేవాళ్లు. దానికి మందు రిలే. 85, 86 అంకెల మధ్య చిన్న కరెంటు, 30 నుంచి 87కి పెద్ద కరెంటు. ఈ జర్మన్ అంకెలు నేర్చుకోవడానికి లూకాస్ రంగులతో పెరిగిన మేము పాతవి కొన్ని మరిచిపోవాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద కుదుపు జపాను పద్ధతి బండ్లు. మారుతి జిప్సీ ఒకటి మొదటిసారి నా చేతికి వచ్చినప్పుడు మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా దాని ముందే కూర్చున్నాను. డిమ్ము వేసి టెస్ట్ ల్యాంపు పెడితే డిమ్ము కాలి మీద వెలగదు, బ్రైటు కాలి మీద వెలుగుతుంది. దీపం మాత్రం చక్కగా డిమ్ములోనే ఉంది! సుద్ద బొమ్మ మళ్లీ గీసుకున్నాను. ఆ బండిలో బల్బు ఉమ్మడి కాలికి వచ్చేది ఎర్తు కాదు, ప్లస్సు. స్విచ్చు చేసే పని కరెంటు పంపడం కాదు, డిమ్మునో బ్రైటునో ఎర్తు చేయడం. డిమ్ము కాలు ఎర్తు అయింది కాబట్టి ల్యాంపు వెలగలేదు. బ్రైటు కాలికి ఫిలమెంటు గుండా ప్లస్సు వచ్చి నిలబడింది కాబట్టి వెలిగింది. ఈ తేడా తెలియక బ్రైటు తీగకు నేరుగా ప్లస్సు ఇచ్చి స్విచ్చులు కాల్చిన చేతులు ఆ రోజుల్లో చాలా ఉన్నాయి. నేటికీ కొత్త బండి ఏది వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే, ఉమ్మడి కాలు ఎటు పోతోంది అని.

బల్బు వెలిగితే పని అయిపోయినట్టు కాదు. సాయంత్రం ఆరున్నర తర్వాత, షాపు ఎదుటి గోడకు పది మీటర్ల దూరంలో బండి నిలిపి డిమ్ము వేస్తాం. గోడ మీద కాంతికి పైన ఒక గీతలా అంచు కనిపించాలి. ఆ అంచు దీపం ఎత్తుకన్నా పది సెంటీమీటర్లు కింద ఉండాలి. ఎడమ వైపు మాత్రం అంచు కొంచెం పైకి లేవాలి. మనం ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి అక్కడ నడిచే మనిషి, గేదె కనపడటానికి. ఇలాంటి ఎగుడుదిగుడు కాంతి ఐరోపాలో 1957లో మొదలైంది. కుడి పక్కన నడిచే దేశాల దీపం తెచ్చి మన బండికి బిగిస్తే ఆ లేచిన భాగం సరిగ్గా ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా దీపం కిందికి వంగి ఉండాలనే చెబుతాయి. ఈ మధ్య హెచ్4 హోల్డర్లలో ఎల్ఈడీ బల్బులు పెట్టించుకుని వస్తున్న కుర్రాళ్లను నేను ఆ గోడ దగ్గరికే తీసుకెళతాను. ఫిలమెంటు ఉండవలసిన చోట వెలుగు పుట్టకపోతే ఆ అంచు చెదిరిపోతుంది. గోడ మీద చూస్తే ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. ముగ్గురిలో ఇద్దరు అక్కడికక్కడే తీయించుకుంటారు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మేస్త్రిగారు అంతకు చాలా ముందే వెళ్లిపోయారు. ఇప్పుడు నా దగ్గర మీటరు ఉంది, స్కానరు ఉంది. దీపాలు వెలిగించి, మీటరు ఒక కొస దీపం ఎర్తు మీద, ఇంకో కొస బ్యాటరీ మైనస్ మీద పెడతాను. సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు చూపిస్తే రేకు తుప్పు పట్టిందన్నమాట. ఒక్క వోల్టు దారిలో పోతే వెలుతురులో దాదాపు నాలుగో వంతు పోతుంది. కళ్లు మసకబారాయనుకుని కళ్లజోడు మార్పించుకున్న ఒక పెద్దాయన బండి అలా నా దగ్గరే బాగుపడింది.

ఉప్పెన ఏడాది మేస్త్రిగారు ఒక పని మొదలుపెట్టారు. ఆ వైపు నుంచి వచ్చిన ప్రతి బండికీ, బాడీ ఎర్తు బాగున్నా సరే, రెండు దీపాల నుంచి బ్యాటరీ మైనస్ దాకా విడిగా ఒక నల్ల తీగ లాగేవారు. కంపెనీ బొమ్మలో అది ఉండదు. దాని డబ్బు ఆయన ఎప్పుడూ అడగలేదు. మొన్న మచిలీపట్నం నుంచి చేపల వ్యాను ఒకటి వచ్చింది, ఎడమ దీపం ఎర్రగా. రేకు గీరి, పాత స్క్రూ పారేసి కొత్తది బిగించాను. తర్వాత రెండున్నర మిల్లీమీటర్ల నల్ల తీగ మూడు మీటర్లు కోసి, కొసలకు కాపర్ లగ్గులు నొక్కి, వాటి మీద గ్రీజు పూసి, రెండు దీపాల నుంచి బ్యాటరీ దాకా లాగాను. బిల్లులో ఆ తీగ రాయలేదు.